అరవై వేలకు బ్యాంకాక్: బెజవాడ కుర్రకారుకో ప్లాను

సినిమాలో హీరో హీరోయిన్లకి ఫారిన్ వెళ్ళడం ఎంత తేలికో గమనించారా? పల్లవి కృష్ణ ఒడ్డున మొదలవుతుంది, చరణం వచ్చేసరికి సముద్రం దాటేస్తారు. పాస్‌పోర్టు లేదు, టికెట్టు లేదు, చేతిలో సూట్‌కేసు అసలే లేదు... అయినా ప్రతి వరుసకీ ఓ కొత్త డ్రెస్సు!

1979లో ‘అందమైన అనుభవం’లోనూ, మరుసటి ఏడు ‘లవ్ ఇన్ సింగపూర్’లోనూ సింగపూర్ వీధులు చూసిన ఆనాటి కుర్రకారు ఓ నిట్టూర్పు విడిచి, ఇంటర్వెల్‌లో సోడా తాగి, సైకిలెక్కి ఇంటికి వచ్చేశారు. వాళ్ళకి ఫారిన్ అంటే తెరమీద కనిపించేదే. 2007లో ‘చిరుత’ బ్యాంకాక్ చూపించే నాటికి కథ మారింది. పూరి జగన్నాథ్ కథలు రాసుకోవడానికి బ్యాంకాక్ వెళతారన్న సంగతి ప్రేక్షకులందరికీ తెలుసు. ఇవాళ బెంజి సర్కిల్ దగ్గర టీ తాగే నలుగురు కుర్రాళ్ళలో ఒకడైనా “ఈసారి గోవా వద్దు గురూ, బ్యాంకాక్ పోదాం” అంటున్నాడు.

అనడం తేలికే. వెళ్ళి రావడమూ ఏమంత కష్టం కాదు. అప్పు చెయ్యకుండా, పోలీసుల దాకా పోకుండా, నలుగురు స్నేహితులూ స్నేహితులుగానే తిరిగి రావడమే అసలు విద్య! దానికి సూత్రం ఒక్కటే. బెజవాడలో కూర్చుని పగటిపూట నిర్ణయించుకున్నది చౌక. బ్యాంకాక్ వీధిలో అర్ధరాత్రి నిర్ణయించుకున్నది ఖరీదు. ఈ వ్యాసమంతా ఆ ఒక్క ముక్కకి వ్యాఖ్యానమే అనుకోండి.

మనకి కొత్త దారి కాదు

“ఏరా, బ్యాంకాకా? అక్కడేముందిరా?” అని గుడివాడలో నాన్నగారు కళ్ళెర్ర చేస్తే, “బుద్ధుడున్నాడు నాన్నా” అని ధైర్యంగా చెప్పండి. అబద్ధమేమీ కాదు! పైగా ఆ దేశంతో మన డెల్టాకి ఉన్న చుట్టరికం నిన్నా మొన్నటిది కాదు. 17వ శతాబ్దంలో మచిలీపట్నం రేవులో ఎక్కిన అద్దకం బట్టలు మెర్గూయి రేవులో దిగి, అక్కడి నుంచి భూమార్గాన సయాం రాజధాని అయుత్తయకి చేరేవి. సయాం అంటే ఇవాళ్టి థాయిలాండే. అయుత్తయ అన్న పేరు మన అయోధ్య నుంచి వచ్చిందే.

ఇంకో తమాషా వినండి. వాళ్ళ కొత్త సంవత్సరం పండగ పేరు ‘సొంక్రాన్’. అంటే మన సంక్రాంతే! ఏప్రిల్ 13 నుంచి 15 దాకా వీధుల్లో ఒకరినొకరు నీళ్ళతో తడిపేసుకుంటారు. 2023లో యునెస్కో ఈ పండగని తన వారసత్వ జాబితాలో చేర్చుకుంది. కోడి పందేల సంక్రాంతి మనది, నీళ్ళ సంక్రాంతి వాళ్ళది.

ముందు లెక్క, తర్వాత లగేజి

థాయ్ డబ్బుని ‘బాత్’ అంటారు. రేటు రోజూ కాస్త అటూ ఇటూ అవుతుంది కాబట్టి లెక్క కోసం బాత్‌కి మూడు రూపాయలనుకుందాం. ఎక్కువ అనుకుంటే మిగులుతుంది, తక్కువ అనుకుంటే తగులుతుంది!

నలుగురు కలిసి అయిదు రాత్రులు ఉండేలా వెళుతున్నారనుకోండి. రానూపోనూ విమానం టికెట్టు, రెండు మూడు నెలల ముందు కొంటే, మనిషికి సుమారు 20,000 రూపాయలు. బెజవాడ నుంచి విమానాశ్రయం ఉన్న వూరికి బస్సో రైలో, 2,000. ప్రయాణ బీమా 1,000. ఇక్కడికి 23,000.

అక్కడ దిగాక గదిలో మీ వాటా రాత్రికి 500 బాత్ చొప్పున 2,500. తిండికి రోజుకి 400 చొప్పున ఆరు రోజులకి 2,400. బస్సులూ రైళ్ళూ పడవలూ 1,500. చూసేవాటి టికెట్లు 1,300. మూడు రాత్రుల పబ్బులకి రాత్రికి వెయ్యి చొప్పున 3,000. మొత్తం 10,700 బాత్, అంటే సుమారు 32,000 రూపాయలు. దాని పైన 5,000 రూపాయలు ‘ముట్టుకోకూడని డబ్బు’ అని విడిగా పెట్టుకోండి. అన్నీ కలిపితే అరవై వేలు. షాపింగు ఇందులో లేదు సుమా! చెల్లెలికి హ్యాండ్‌బ్యాగు, బావగారికి వాచీ అన్నారో, ఆ లెక్క మీదే.

అరవై వేలంటే నెలకి అయిదు వేల చొప్పున పన్నెండు నెలలు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడికి చేతనైన పనే. నలుగురూ ఒక బ్యాంకు ఖాతాలో నెల నెలా వేసుకుంటూ రండి. క్రెడిట్ కార్డు మీద వెళ్ళొచ్చి వాయిదాలు కట్టే పద్ధతి మాత్రం వద్దు. అయిదు రోజుల సరదాకి రెండేళ్ళ వాయిదాలు కట్టే వాడి ముఖం చూశారా? ఫొటోల్లో నవ్వు అక్కడే ఆగిపోతుంది.

ప్యాకేజీ టూర్లు చెడ్డవని కాదు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి కొంత ధైర్యం. కానీ అందులో ఏ భోజనాలు ఉన్నాయో, ఏ టికెట్లు లేవో కాగితం మీద రాయించుకోండి. విదేశీ ప్యాకేజీ మీద టి.సి.ఎస్. అని ముందుగా పన్ను పట్టుకుంటారు. ఆదాయపు పన్ను రిటర్ను వేస్తే అది లెక్కకి వస్తుంది. ఆ రసీదు పారెయ్యకండి.

కాగితాలు, దారి

పాస్‌పోర్టు లేనివాళ్ళు ముందు ఆ పని చూడండి. 36 పేజీల మామూలు పాస్‌పోర్టు ఫీజు 1,500 రూపాయలు, తత్కాల్ అయితే మరో 2,000. ఉన్నవాళ్ళు గడువు చూసుకోండి, ప్రయాణం నాటికి ఇంకా ఆరు నెలలైనా ఉండాలి.

వీసా సంగతి. 2023 నవంబరులో థాయిలాండ్ మన టూరిస్టులని వీసా లేకుండానే రానివ్వడం మొదలుపెట్టింది. మొదట 30 రోజులన్నారు, 2024 జూలైలో 60 అన్నారు. ఈ నిబంధనలు మారుతూ ఉంటాయి గనుక టికెట్టు కొనే ముందు థాయ్ రాయబార కార్యాలయం ఏం చెబుతోందో స్వయంగా చూసుకోండి. ‘మా బావమరిది చెప్పాడు’ అన్నది ఇమ్మిగ్రేషన్ కౌంటర్లో చెల్లదు. 2025 మే 1 నుంచి డిజిటల్ రాక కార్డు కూడా ఉంది. దిగడానికి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. దానికి ఫీజు లేదు. డబ్బడిగే వెబ్‌సైటు కనిపిస్తే అది అసలుది కాదని అర్థం. తిరుగు టికెట్టూ, హోటలు బుకింగూ, ఖర్చులకి డబ్బూ చూపించమని అడగవచ్చు. అడిగితే తడుముకోకుండా చూపించేలా సిద్ధంగా ఉంచుకోండి.

ఇక దారి. మన గన్నవరం నుంచి 2018 డిసెంబరులో సింగపూర్‌కి తొలి అంతర్జాతీయ విమానం ఎగిరినప్పుడు బెజవాడంతా మురిసిపోయింది. ఆ సర్వీసు మరుసటి ఏడే ఆగింది. 2024 ఏప్రిల్‌లో విశాఖ నుంచి బ్యాంకాక్‌కి నేరు విమానం మొదలైంది. ఇలాంటి సర్వీసులు వస్తూ పోతూ ఉంటాయి. కాబట్టి విశాఖ, హైదరాబాద్, మద్రాసు... మూడు చోట్ల ధరలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కడి నుంచయినా మూడు నాలుగు గంటల ప్రయాణమే. హైదరాబాద్ వెళ్ళే రాత్రి బస్సులో మీరు తీసే కునుకు కన్నా తక్కువ!

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ వాతావరణం హాయిగా ఉంటుంది, ధరలు మాత్రం హాయిగా ఉండవు. మన సంక్రాంతి సెలవుల్లో వెళదామనుకుంటే టికెట్టు మరీ ముందుగా కొనుక్కోవాలి.

పగటి బ్యాంకాక్

సువర్ణభూమి విమానాశ్రయంలో పెద్ద క్షీరసాగర మథనం శిల్పం ఉంది. దేవతలు ఒకవైపు, రాక్షసులు ఒకవైపు, మధ్యలో వాసుకి! మన పౌరాణిక చిత్రం సెట్టింగు విదేశంలో ఎవరు వేశారా అనిపిస్తుంది.

నగరంలో మొదట చూడవలసింది గ్రాండ్ ప్యాలెస్. మొదటి రామ రాజు 1782లో బ్యాంకాక్‌ని రాజధాని చేసుకున్నప్పటిది. ఇప్పటి రాజు పదవ రాముడు. టికెట్టు 500 బాత్. ఖరీదే గానీ అందులో ఓ పెద్ద సినిమా దాగి ఉంది. మరకత బుద్ధుడి గుడి చుట్టూ వరండా గోడల మీద 178 చిత్రాలుగా రామాయణం మొత్తం గీశారు. వాళ్ళు దాన్ని ‘రామకియన్’ అంటారు. మన హనుమంతుడు ఆజన్మ బ్రహ్మచారి గదా, వాళ్ళ హనుమంతుడు మహా రసికుడు! ప్రేమకథలే ప్రేమకథలు. ఇంటికి వచ్చి బామ్మగారితో మాత్రం ఆ ముక్క చెప్పకండి.

భుజాలూ మోకాళ్ళూ కప్పే బట్టలు లేకపోతే లోపలికి రానివ్వరు. గేటు బయట ఎవరో పెద్దమనిషి నవ్వుతూ వచ్చి, “ఇవాళ ప్యాలెస్ మూశారు, ఇరవై బాత్‌కి నా ఆటోలో వూరంతా చూపిస్తా” అంటాడు. ప్యాలెస్ మూయలేదు! ఆ ఆటో నేరుగా ఓ రాళ్ళ నగల దుకాణం ముందు ఆగుతుంది. ఏళ్ళ తరబడి ఆడుతున్న నాటకమిది, ఇంకా హౌస్‌ఫుల్లే.

పక్కనే వాట్ పో గుడిలో 46 మీటర్ల పొడవున శయనించిన బుద్ధుడు. అవతలి ఒడ్డున వాట్ అరుణ్, అంటే అరుణుడి గుడి. మధ్యలో చావో ప్రాయా నది. టూరిస్టు పడవ బదులు నారింజ రంగు జెండా ఉన్న మామూలు పడవ ఎక్కండి, ఇరవై బాత్ లోపే. ప్రకాశం బ్యారేజి గాలి పీల్చి పెరిగిన వాళ్ళకి ఆ నది గాలి వెంటనే నచ్చేస్తుంది.

తిండికి బెంగలేదు. వీధి బండి మీద 50 నుంచి 80 బాత్‌కి వేడివేడి నూడుల్సో, అన్నమూ కూరో. మన డెల్టా వాళ్ళకి చేపా రొయ్యా కొత్త కాదు, కారం అంతకన్నా కొత్త కాదు. పచ్చి బొప్పాయి కోరుతో చేసే ‘సోమ్ తమ్’ తింటే గుంటూరు కూడా కాసేపు గుర్తుకు రాదు. శాకాహారులు మాత్రం జాగ్రత్త. కూరగాయల వంటకంలో కూడా చేపల రసం వేస్తారు. ‘జే’ అన్న పసుపు రంగు జెండా ఉన్న చోట తినండి.

సినిమా పిచ్చి ఉన్నవాళ్ళు ఓ సాయంత్రం అక్కడి హాల్లో ఆట చూడండి. బొమ్మకి ముందు రాజు గౌరవ గీతం వస్తుంది. లేచి నిలబడడం అక్కడి ఆచారం. అంతా నిలబడతారని కాదు, అతిథిగా మనం నిలబడితే అందం. రాజు గురించి పరాచికాలు మాత్రం పొరపాటున కూడా వద్దు, అక్కడి చట్టం జైలుకి పంపుతుంది. బ్యాంకాక్ వాళ్ళు ప్రాణంగా చూసుకున్న స్కాలా థియేటరు 1969లో తెరిచారు, 2020లో మూశారు, మరుసటి ఏడు కూల్చేశారు. ఒంటి తెర హాళ్ళ కథ ఏ వూళ్ళోనైనా ఒకటే!

మన వాళ్ళ వంతెన

అయిదు రోజుల్లో ఒకరోజు కాంచనబురికి కేటాయించండి. థోన్‌బురి స్టేషన్ నుంచి పొద్దున్నే మూడో తరగతి రైలు, విదేశీయులకి 100 బాత్. కిటికీలు తెరుచుకుని మూడు గంటల లోపు వెళ్ళి, మధ్యాహ్నం బండికి తిరిగి రావచ్చు.

‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’ చూశారుగా? 1957లో డేవిడ్ లీన్ ఆ సినిమాని తీసింది సిలోన్‌లో. కానీ అసలు వంతెన ఉన్నది ఇక్కడ. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం 1942, 43లలో సయాం నుంచి బర్మాకి 415 కిలోమీటర్ల రైలు మార్గం వేయించింది. సినిమాలో మనకి కనిపించేది తెల్ల సైనిక ఖైదీలు. ఆ ఖైదీలలో పన్నెండు వేల మందికి పైగా చనిపోయారు. తెరమీద కనిపించని వాళ్ళు ఇంకా ఉన్నారు. మలయా రబ్బరు తోటల నుంచి తమిళులతో పాటు మన తెలుగు కూలీలని కూడా పట్టుకుపోయారు. బర్మా, జావా వాళ్ళతో కలిపి ఆసియా కూలీలు సుమారు తొంభై వేల మంది కలరాతో, ఆకలితో, దెబ్బలతో ఆ అడవుల్లో పోయారని అంచనా.

వూళ్ళో ఉన్న యుద్ధ శ్మశానంలో దాదాపు ఏడు వేల సమాధులున్నాయి. వరసలు వరసలుగా, పూలమొక్కలతో, పేర్లతో... అవన్నీ సైనికులవి. కూలీలకి అలా పేరు చెక్కిన రాళ్ళు లేవు. ఆ వంతెన మీద ఫొటో తీసుకునే ముందు ఒక్క నిమిషం మౌనంగా నిలబడితే మీకు పోయేదేమీ లేదు. అక్కడ పోయిన వాళ్ళలో ఎవరిదో ఇంటి పేరు మన పక్క వీధిలో ఉండే ఉంటుంది.

రాత్రి సంగతి

అసలు సంగతికి ఎప్పుడొస్తావయ్యా అంటున్నారు గదూ? వచ్చేశాం!

బ్యాంకాక్‌లో పబ్బులకి పేటలున్నాయి. జేబులో తక్కువున్న కుర్రకారుకి కావ్‌సాన్ రోడ్డు. వీధంతా పాట, ఆట, ప్రపంచంలోని అన్ని భాషలూను. స్థానిక యువత డ్యాన్సులకి ఆర్.సి.ఎ. వీధి. కాస్త డాబు కోరేవాళ్ళకి సుఖుమ్‌విత్ 11వ సోయి. ‘సోయి’ అంటే సందు. పాట వినడానికే వెళ్ళేవాళ్ళకి విక్టరీ మాన్యుమెంట్ దగ్గర శాక్సఫోన్ పబ్ ఉంది. 1987 నుంచి రోజూ అక్కడ జాజ్, బ్లూస్ వాయిస్తున్నారు. తాగని వాళ్ళు కూడా ఓ నిమ్మరసం పెట్టుకుని హాయిగా కూర్చోవచ్చు.

ఇరవై ఏళ్ళు నిండనివారికి అక్కడ మద్యం అమ్మకూడదు. తలుపు దగ్గర పాస్‌పోర్టు అడుగుతారు. 2023 డిసెంబరు 15 నుంచి బ్యాంకాక్‌లోనూ, పట్టాయా ఉన్న చోన్‌బురిలోనూ, మరికొన్ని చోట్లా అనుమతి ఉన్న పబ్బులు తెల్లవారుజామున 4 గంటల దాకా తెరిచి ఉంచవచ్చు. మిగతాచోట్ల మామూలుగా 2 గంటలకి దీపాలు వెలుగుతాయి.

ఇప్పుడు నాలుగు నియమాలు. ఒకటి: మెనూలో ధర చూడకుండా కుర్చీలో కూర్చోవద్దు. ‘పైన షో ఉంది, ఫ్రీ’ అని మెట్లెక్కిస్తే, దిగేటప్పుడు బిల్లు చూసి కళ్ళు తిరుగుతాయి. రెండు: రోజుకి వెయ్యి బాత్ నోట్లే జేబులో పెట్టుకుని, కార్డులు గదిలో తాళం వేసి రండి. వెయ్యి అయిపోతే రాత్రి అయిపోయినట్టే. మూడు: లోపలికి వెళ్ళగానే బయటికి పోయే రెండో దారి ఎక్కడుందో చూడండి. 2009 కొత్త సంవత్సరం రాత్రి బ్యాంకాక్ సాంటికా క్లబ్బులో నిప్పంటుకుని అరవై మందికి పైగా చనిపోయారు. నాలుగు: నలుగురు వెళితే నలుగురూ కలిసే తిరిగి రావాలి. వారిలో ఒకరు ఆ రాత్రికి గ్లాసు ముట్టకూడదు. రోజుకొకరు వంతు.

అమ్మాయిలు కూడా ఇప్పుడు జట్టుగా వెళుతున్నారు. ఆడవాళ్ళకి విడిగా గదులున్న హాస్టళ్ళు బ్యాంకాక్‌లో చాలానే ఉన్నాయి. గ్లాసు వదిలి వెళ్ళొద్దు, ఎవరో ఇచ్చింది తాగొద్దు అన్న జాగ్రత్త అమ్మాయిలకే కాదు, అబ్బాయిలకూ వర్తిస్తుంది.

పట్టాయా ఒక్క ముక్కలో. ఎక్కమై బస్టాండు నుంచి రెండున్నర గంటలు. పగలు బాలి హాయ్ రేవు నుంచి 30 బాత్ పడవలో కో లాన్ దీవికి వెళ్ళి ఈత కొట్టండి. సాయంత్రం వాకింగ్ స్ట్రీట్ చూడండి. ఆ దీపాల కింద పనిచేసే ఆడపిల్లల్లో చాలామంది ఈశాన్య జిల్లాల పల్లెల నుంచి వచ్చి నెల నెలా ఇంటికి డబ్బు పంపేవాళ్ళు. వేళ్ళు చూపించి నవ్వడం, అడక్కుండా ఫొటోలు తీయడం మర్యాద కాదు. మన వెనక వచ్చే తెలుగువాడికి అక్కడ దొరికే గౌరవం మన నడతని బట్టే ఉంటుంది. అద్దె స్కూటరు ఎక్కాలంటే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిటు, హెల్మెట్టూ ఉండాలి. పర్మిటు లేకుండా పడితే బీమా కంపెనీ పైసా ఇవ్వకపోవచ్చు.

ఉచిత టికెట్టు

ఇంత చవగ్గా వెళ్ళి రావచ్చని చెప్పాను గదా. ఇంతకన్నా చవగ్గా, అసలు ఉచితంగా, పంపుతామనేవాళ్ళు కూడా ఉన్నారు. “బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం, లక్ష జీతం, టికెట్టు మేమే కొంటాం, టూరిస్టుగా దిగితే చాలు” అంటారు. దిగిన వాళ్ళని కారెక్కించి సరిహద్దు దాటించి మయన్మార్‌లోనో, కాంబోడియాలోనో గోడల మధ్య పెట్టి, ఫోన్లో జనాన్ని మోసగించే పని చేయిస్తారు. చెయ్యనంటే కొడతారు. 2024 మేలో విశాఖ పోలీసులు ఇలా కాంబోడియాకి మనుషులని పంపిన ఏజెంట్లని అరెస్టు చేశారు. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు నుంచి విడిపించిన 549 మంది భారతీయులని వాయుసేన విమానాల్లో ఇంటికి తెచ్చారు. వారిలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు.

కాబట్టి సెలవుకి వెళితే సెలవుకే వెళ్ళండి, మీ డబ్బుతో, తిరుగు టికెట్టుతో. ఉద్యోగానికి వెళితే ఉద్యోగపు వీసాతో, ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన ఏజెంటు ద్వారా వెళ్ళండి. రెండూ కలిపి ఎవరైనా చెబితే, ఎంత దగ్గరి చుట్టమైనా సరే, చెయ్యెత్తి నమస్కారం పెట్టండి.

ఆ జాగ్రత్త ఉంటే ఇక భయమెందుకు? అరవై వేలు కూడబెట్టడానికి పట్టే పన్నెండు నెలలూ ప్రయాణంలో భాగమే. ఏ గుడి చూడాలి, ఏ పాట వినాలి, ఏ సందులో తినాలి అని నలుగురూ వాదులాడుకునే సాయంత్రాలు వూరికే రావు. ఒకటో తారీఖు ఎంతో దూరంలో లేదు. మొదటి అయిదు వేలు పక్కన పెట్టండి. శుభ ప్రయాణం!